పదహారా, పద్దెనిమిదా

రేణిగుంట రోడ్డు షోరూములో
అద్దాలకివతల చలికాలం, అవతల మే నెల.
నా చేతులకు తెల్లారుజాము సొన మరక,
సబ్బుకు పోదు, సున్నిపిండికి పోదు.
ఆ తెల్ల బల్ల మీద పెట్టలేక ఒళ్ళో పెట్టుకున్నాను.

నౌషీన్ అని బిళ్ళ పెట్టుకున్న పిల్ల చెప్పింది:
"హైబ్రిడ్ సార్. బ్రేకు తొక్కినప్పుడల్లా
వృథాగా పోయేదాన్ని పట్టి బ్యాటరీలో దాచుకుంటుంది."
దామలచెరువు మండీలో ముప్పై ఏళ్ళు
తరుగు పేరుతో టన్నుకింత కోసుకున్నవాణ్ణి.
పోయేదాన్ని పట్టుకోవడం నాకు కొత్తా?
పైకి మాత్రం "అట్లనా తల్లీ" అన్నాను.

రంగు తేలింది, బూడిద.
పైకప్పుకు అద్దం వద్దన్నాను,
ఎండ నాకు ఊరికే దొరుకుతుంది.
వెనక సీట్లకు గాలి కావాలంది ధనకోటి, ఫోనులోంచే.
ఇంగ చక్రాలు.

"పదహారు అంగుళాలు మామూలు.
పద్దెనిమిదికి లక్షా పదివేలు ఎక్కువ. లుక్కే వేరు సార్."
మా పాప మోహనవల్లి పద్దెనిమిది దగ్గరే గొంతుక్కూర్చుంది.
నల్లటి కమ్మీలు, అంచున వెండి మెరుపు,
నగల కొట్లో వంకీని చూసినట్టు చూస్తోంది.
శ్రీసిటీలో దాని జీతం, నెలనెలా కంతు దానిది.
"చిన్న చక్రాలైతే
ఏనుక్కి మేక కాళ్ళు అతికించినట్టుంటాది నాన్నా."

నేను బొటనవేలితో నొక్కి చూశాను.
కంటితో కాయ కొనేవాడు ఆ సీజన్లోనే మునుగుతాడు.
పద్దెనిమిదిలో లోహం ఎక్కువ, రబ్బరు బెత్తెడు.
పదహారులో బెత్తెడు మీద ఇంకో రెండు వేళ్ళు.
రబ్బరంటే ఏమి, పెట్టె అడుగున వరిగడ్డే గదా.
గడ్డి తగ్గించి కాయ పెంచినవాడి సరుకు
ములబాగల్ దాటేలోపు నీళ్ళు కారుతుంది.
ఈ మాటకు నౌషీన్ నవ్వలేదు, రాసుకుంది.
అందుకే ధైర్యమొచ్చి అడిగాను,
రెండు బండ్లూ ఒక్కో రౌండు ఇస్తావా అని.

నా పాత జీపులోంచి రెండు బుట్టలు దించాను.
మాగిన బేనీషా, బుట్టకు ఇరవై, గడ్డి లేకుండా.
కరకంబాడి దారి,
పైపుల కోసం తవ్వి, పూడ్చామనిపించిన దారి.
మొదట పద్దెనిమిది. పాప నడిపింది.
బండి కదిలిందని నాకే తెలియలేదు,
నడిరోడ్డు కుక్కకూ తెలియలేదు, లేవలేదు.
తర్వాత గుంత.
నా వెన్నులో మూడో పూస తన పేరు చెప్పుకుంది.
మళ్ళీ వచ్చి పదహారు. అదే కుక్క, అదే గుంత,
పక్కగదిలో ఎవరో దిండు దులిపినట్టు.

షోరూము మెట్ల మీద కాయలు పరిచాము.
వాచ్‌మెన్ చెంగల్రాయుడు సాక్షి.
పద్దెనిమిది బుట్టలో కమిలినవి ఆరు.
పదహారు బుట్టలో
ఏడు.

పాప చప్పట్లు కొట్టింది.
నేను ఒక్కోటీ తిప్పి తిప్పి చూశాను.
ఏడో కాయకు తొడిమ దగ్గర దెబ్బ,
పొద్దున తొందరలో నేనే జారవిడిచింది.
తరుగు తీస్తే ఆరుకు ఆరు.
ముప్పై ఏళ్ళలో మొదటిసారి
తరుగు అడగడానికి నోరు రాలేదు.
"సరే, పద్దెనిమిదే రాయమ్మా" అన్నాను.

"వద్దు. పదహారు," అంది పాప.
చప్పట్లు కొట్టిన చేతులింకా కలిసే ఉన్నాయి.
"ఆ గుంతలో నువ్వు 'అమ్మా' అన్నావు నాన్నా.
రెండోసారి ఏమీ అనలేదు."
నేనా? అన్నానా?
చెంగల్రాయుడి వైపు చూశాను,
ఆయన బండిలో లేడు గదా, ఏం చెబుతాడు.
కమిలిన కాయ ఒకటి చీకుతూ తలూపాడు.

కాగితం వచ్చింది.
ఒళ్ళోంచి చెయ్యి తీసి సంతకం పెట్టాను.
చక్రాల గడిలో ఆరు అంకె మీద రసం అంటి
పైన ఇంకో సున్నా చుట్టుకుంది.
నౌషీన్ గుడ్డతో తుడిచింది, పోలేదు.
ఎనిమిది అనుకుంటారేమో అని
పక్కన అక్షరాల్లో రాసింది:
పదహారు.