యాడి

ఒంగోలు కలెక్టరాఫీసు మెట్ల మీద
అర్జీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
మూడు పేజీలు, నా దస్తూరీయే.
"మాతృభాషలో చదువు బిడ్డ హక్కు" అని
ఎర్రసిరాతో గీత కూడా గీశాను.
కింద నలభై మూడు సంతకాలు,
పదకొండు వేలిముద్రలు.

ఆ ముద్రల్లో చివరిది హమ్లీబాయిది.
మార్కాపురం అవతలి తండాలో
బడి నుంచి తెలుగు తీసేస్తారటని
నేను గడపగడపా ఎక్కి దిగిన సాయంత్రం,
పలకల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది,
రెప్పల మీద రాతిపొడితో.
బొటనవేలు సిరాకి ఆనించి ఆగింది.
"తల్లి మాటంటివే సారూ,
ఎవురి తల్లి? మీ తల్లా, మా యాడా?"
నేను ఏదో చెప్పబోయాను.
"ఇంగిలీసు గావాల, తెలుగూ గావాల.
మాది గూడా గావాలనేదానికే
సిగ్గయితది" అంది.
ముద్ర వేసి, బాటీలు కాల్చుకోవాలని వెళ్ళిపోయింది.

ఆమె కూతురు రూప్లీ
పదకొండేళ్ళ కిందట నా బడికొచ్చింది.
రిజిస్టర్లో రూపాదేవి అని రాశాను.
తప్పు దిద్దాననే అనుకున్నాను.

తలుపు పట్టుకుని ఏడ్చింది మొదటిరోజు
"యాడీ... యాడీ..." అని.
మా వైపు యాడికంటే ఎక్కడికి అనే కదా.
"యాడికీ లేదు, కూర్చో!" అన్నాను.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ పిల్ల పిలిచింది అమ్మనని
నాకు తెలిసేసరికి ఎండాకాలం సెలవులొచ్చాయి.

ఆ అంటే ఆవు అని బోర్డు మీద రాశాను.
ఏ ఆవు తంతుందో, ఏది చేపుతుందో
ఎరిగిన పిల్ల
గావడి అన్నందుకు
చేతులు కట్టుకుని నిలబడింది గంటసేపు.

ఇంకొకటి ఉంది. మా ఇంట్లో కూడా చెప్పలేదు.
మార్చి నెల. "పాణి" అంది.
గ్లాసు నా చేతిలోనే ఉంచాను
మంచినీళ్ళు అనేదాకా.
మూడో ప్రయత్నానికి వచ్చింది మాట.
నాలుగ్గుక్కల్లో తాగేసింది.
ఆ రోజు బాగా చెప్పానని
సైకిలు మీద ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆమె చేతిలోని పలక
వాళ్ళ నాయన గనిలో చీల్చిన రాయే అయుంటుంది.
ఒడుపు తెలిసిన ఉలికి
ఆ రాయి పొర పొరగా విడిపోతుంది, ముక్క చెక్కవకుండా.
ఆ ఒడుపు పేరేమిటో వాళ్ళ మాటలో.
నేనడగలేదు.
పలక వాళ్ళది, పలుకు మాది.
బలపం అరిగేకొద్దీ
ఏం రాలిపోతోందో ఎవరం చూశాం?

రూప్లీ ఇప్పుడు ఇంటర్. నాకన్నా చక్కటి తెలుగు.
వాళ్ళ అవ్వ దగ్గర మాత్రం
మాటల మధ్య ఆగి, గోడలకేసి చూస్తుందట
అవి అక్కడెక్కడో తగిలించి ఉన్నట్టు.

ఎండ మూడో మెట్టుకి వచ్చింది.
రాజ్యాంగం మూడువందల యాభై-ఏ
అని నేనే కదా ఎత్తి రాసింది.
జేబులోంచి చిత్తుప్రతి తీసి చూశాను.
"భాషాపరంగా తక్కువమంది ఉన్న వర్గాల పిల్లలకు"
అని అందులో స్పష్టంగా ఉంది.
వాక్యం పొడుగవుతోందని
ఆ ముక్క కొట్టేసింది నా కలమే.

మోకాలి మీద కాగితం పెట్టి
మార్జిన్లో, వంకరగా, చోటు చాలక
అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కుతుండగా
దాన్ని తిరిగి రాశాను.
కింద ఒక పేరు కూడా.
రూపాదేవి కాదు.

తలుపు దగ్గర బంట్రోతు
నా నంబరు రెండుసార్లు పిలిచినట్టున్నాడు.
లోపలికి అడుగేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి
"ఓ పెద్దాయనా, యాడికి?" అన్నాడు.

"అవునయ్యా," అన్నాను,
"యాడికే."