అర బారు

ఇన్నాళ్ళూ దానికి కావలసిన గాలి అదే పీల్చుకుంది.
ఎవరూ తొయ్యలేదు, ఎవరూ పొయ్యలేదు.
రెండు సీట్ల జపాను కారు, ఎర్రది,
ఎండకి బానెట్టు మాత్రం వెలిసి గులాబీ అయింది.
ముల్లు ఏడువేలు దాటినాక దాని గొంతు వింటే
ఇంకేం కావాలి దీనికి, అనిపించేది నాకు.

నరసింహానికి కావాలి.
విడవలూరు అవతల ఎనిమిది గుంటల రొయ్యలు ఆయనవి.
పోయిన పంట కలిసొచ్చింది.
టర్బోని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని
నెల్లూరు ఆటోనగర్‌లో మా షెడ్డుకి తెచ్చాడు.
విప్పితే ఇనప నత్త.

కాలేషా భాయి చిటికెనవేలితో దాని చక్రం తిప్పాడు.
"ఒరే ఏసోబూ, బండి వదిలేసిన పొగతోనే ఇది తిరగతాది.
తిరిగి కొత్తగాలి లోపలికి కుక్కతాది.
పారేసిన ఊపిరే వెనక్కొచ్చి
వీపు మీద చెయ్యేసి నెడతాది."

పదకొండు రోజులు.
స్టీలు పైపు తుంచి తుంచి మానిఫోల్డు నేనే అతికాను,
నాలుగు దారులు ఒక్క నోట్లో కలిసేట్టు.
మూడో అతుకు పగిలింది. మళ్ళీ కోశాను.
నూనె పొయ్యే పైపు సన్నం, వచ్చేది లావు,
వచ్చే నూనెకి పల్లం చూపించాలి, మెరక ఎక్కదు.
పిస్టన్లు మారిస్తే మంచిదే,
చెన్నైలో రెండు నెలలన్నారు. నరసింహం ఆగడు.
హెడ్డు కింద మందం గాస్కెట్టు పెట్టి బిగించాం.

"ఒకటిన్నర పెట్టు భాయ్."
"అర బారు."
"గాలి ఎక్కువైతే రొయ్య చస్తాదా యాడన్నా?"
"రొయ్య నీళ్ళలో ఉండాది, ఇది నిప్పులో ఉండాది.
గాలిని పదకొండింతలు నలిపే అలవాటు దీనిది.
నువ్వు ముందే నలిపిచ్చావనుకో,
చెప్పకుండా అంటుకుంటాది పెట్రోలు."

మొదటిసారి పెన్నా వంతెన ఎక్కుతుంటే విన్నాం
రేకుడబ్బాలో గులకరాళ్ళ చప్పుడు.
"కాలు తియ్!" అని అరిచాడు భాయి.
అంత పెద్ద గొంతు ఆయనకి ఉందని నాకు తెలీదు.
షెడ్డులో ల్యాప్‌టాప్ తెరిచి
మంటని రెండు డిగ్రీలు వెనక్కి జరిపాడు.

తెల్లవారుజామున నాలుగుకి నేనూ నరసింహమూ.
కోవూరు, పాటూరు, ఆపైన ఖాళీ రోడ్డు.
మూడువేల దాకా పాత బండే.
తర్వాత సన్నగా,
పాలు పొంగేముందు గిన్నె చేసే శబ్దం.
ఆ తర్వాత సీటు వచ్చి నా వీపుని కొట్టింది.
సరుగుడు చెట్లు ఒక్క గోడయ్యాయి.
నరసింహం నవ్వలేదు, నోరు తెరుచుకుని ఉన్నాడు.
పాత గొంతు మాత్రం పోయింది.
నత్త మింగేసింది దాన్ని.
ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

రామతీర్థం మలుపులో కరెంటు పోయింది.
రెండు పక్కలా ఏరేటర్లు
ఒక్కొక్కటే చేతులు దించేశాయి.
గుంటల మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.
నరసింహం బ్రేకు తొక్కి దిగి,
తలుపు వెయ్యకుండా, చెప్పులు రోడ్డు మీదే వదిలి
గట్టెంబడి చీకట్లోకి పరిగెత్తాడు.

తాళం మీదికి పోయిన నా చెయ్యి ఆగింది.
భాయి చెప్పి పంపాడు:
"ఉరికొచ్చినదాన్ని ఉన్నపళంగా ఆర్పొద్దు.
నూనె తిరగనీ. రెండు నిమిషాలు."
కూర్చున్నాను.
బానెట్టు కింద నత్త ఎర్రగా కాలుతూ ఉంటుంది.
గుంటలో రొయ్యలు మీదికి తేలి
ఒడ్డుకి జరుగుతూ ఉంటాయి.
ఒకదానికి ఊపిరి తగ్గించాలి,
ఒకదానికి అందించాలి,
రెండింటికీ ఉన్నవి అవే నిమిషాలు.

గట్టవతల జనరేటరు దగ్గింది.
ఆగింది.
మళ్ళీ దగ్గింది.
మూడోసారికి అందుకుంది,
చక్రాలు నీళ్ళని బాదడం మొదలెట్టాయి.
అప్పుడు తిప్పాను తాళం.

మోకాళ్ళదాకా బురదతో వచ్చి కూర్చున్నాడు.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
వేడి లోహం టిక్కు టిక్కుమంటోంది.
తర్వాత, నా వైపు చూడకుండా అడిగాడు:
"ముప్పావన్నా పెట్టడంటావా?"