మనిషి నడకంత నీరు

మొదటి చలికాలం ఇరవై రెండు చెంచాలు పోగొట్టుకున్నాను.
అందులో ఏడు ఒకే దుంగకి.
నీళ్ళడుగున అది ఇప్పుడు
ఎవరూ రాని వెండి అంగడిలా మెరుస్తూంటుంది.

"దుంగకి తినిపించడం బాగా వచ్చింది నీకు,"
అంది వెర్నా హోగ్లండ్. "ఇక చేపకి నేర్చుకో."

రంపపు మిల్లులో ముప్ఫై ఏళ్ళు
పళ్ళకి పదును పెట్టిన మనిషి.
ఓరెగాన్ తీరాన జనవరి అంటే వాన,
ఫిబ్రవరి అంటే అదే వాన, ఇంకాస్త ఏటవాలుగా.
నేను స్కూలు బస్సు నడుపుతాను.
పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య ఐదున్నర గంటలు.
ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది నది.

స్టీల్‌హెడ్ గురించి ఆమె చెప్పింది తక్కువే.
ఏట్లో పుట్టి, సముద్రం తిని బలిసి,
మళ్ళీ ఏటికెక్కే చేప. ఆకలితో రాదు.
ఆకలి లేని నోరు తెరిపించాలంటే
కోపమైనా తెప్పించాలి, ఆశ్చర్యమైనా.

నీళ్ళ గురించి మాత్రం ఆపకుండా చెప్పేది.
నురగలు కక్కేది వద్దు.
అద్దంలా పడి నిద్రపోయేదీ వద్దు.
గట్టు వెంట నువ్వు నడుస్తూంటే
పక్కనే నీతో సమంగా నడిచే నీరొకటుంటుంది,
తొందరా లేదు, బద్ధకమూ లేదు.
అక్కడ.
వాన వెలిసిన మూడో రోజు,
పాత సీసా పచ్చలో
నీ బూటు కనబడీ కనబడనప్పుడు.

అడ్డంగా విసురు. కొంచెం దిగువకి.
మునగనీ. ఒకటి, రెండు, మూడు.
ఇప్పుడేం చెయ్యకు.

ఏం చెయ్యకపోవడమే నాకు రాలేదు.
బస్సు లేటయినట్టు
చేతులు వాటంతటవే చక్రం తిప్పేస్తాయి.
"లాగాల్సింది నువ్వు కాదు, నది."

రెండో చలికాలం, తొమ్మిది.
సగం ఇత్తడి, సగం వెండి చెంచా
ప్రవాహానికి అడ్డంగా ఊగుతూ పోతుంటే
దారంలోంచి కర్రలోకి, కర్రలోంచి మణికట్టులోకి
దబ్, దబ్, దబ్.
పక్కగదిలో ముసలి కుక్క
చెక్కనేల మీద తోక కొడుతున్నట్టు.

"చెప్పు," అనేది వెనకనుంచి. "ఇప్పుడెలా ఉంది?"
నెమ్మదిగా.
"ఇప్పుడు?"
రాయి గీసుకుంది.
"ఇప్పుడు?"
ఆగింది... లేదు, మళ్ళీ అందుకుంది.
పరీక్ష పెడుతోందనుకున్నాను ఏడాదంతా.

ఫ్లాస్కు మూత తిప్పలేక నాకందించిన రోజు
ఆమె వేళ్ళు చూశాను. కొనలన్నీ సున్నం తెలుపు.
సానరాయి వణుకు మేసి వదిలేసిన వేళ్ళు.
వేడి కప్పు పట్టుకున్నా చురుక్కుమనదు.
చేప ముట్టినా తెలియదు.
ఇన్నాళ్ళూ నేను జవాబులు చెప్పలేదు.
ఆమె కోసం గాలం వేశాను, నోటితో.

మూడో చలికాలం, అప్పటికి నాలుగే.
"ఇప్పుడు?"
దబ్, దబ్, ద

గాలికి తలుపు పడ్డట్టు కర్ర వంగిపోయింది.
రీలు కూత పెట్టింది. నేను మాత్రం నోరు తెరవలేదు.
రాళ్ళ మీద తూలుతూ వెనక్కి నడిచి
కర్ర తెచ్చి ఆమెకిచ్చాను.
వేళ్ళతో పట్టుకోలేదు వెర్నా.
మోచేతి కింద ఇరికించి
దవడ ఎముకకి ఆనించుకుంది.
కళ్ళు మూసుకుంది.

చేప మూడుసార్లు గాల్లోకి లేచింది.
చూసింది నేను.
ఆమె వింటోంది:
"తల విదిలిస్తోంది... ఇదిగో, రాయి వెనక దాక్కుంది...
మగదనుకున్నా. కాదు. ఆగు."

లోతు తక్కువ చోట పక్కకి ఒరిగింది.
వీపు చివర, తోకకి ముందు, బొటనవేలంత రెక్క
ఎవరి కత్తెరా తగలకుండా ఉంది. అడవిది.
నీటిపైకి ఎత్తనే లేదు.
ముల్లు వదిలించాక కూడా నా బూటు పక్కన
కాసేపు నిలబడింది, ఏదో మర్చిపోయినట్టు.
తర్వాత అక్కడ నీరే ఉంది.

"ఆడదే," అంది వెర్నా. "నాకు ముందే చెప్పింది."
దవడ మీద ఎర్రటి గీత.

రెండూ పది. పరిగెత్తాను.
బస్సులో ముందు సీటు పిల్లాడు
ముక్కు మూసుకుని అడిగాడు,
ఇంత కంపు కొడుతూ ఎందుకు నవ్వుతున్నావని.