సత్రం వేషం

నాది నవ్వు మొహం కాదు.
పుడుతూనే కనుబొమలు ముడేశానని
మంత్రసాని చెప్పిందట మా అమ్మకి.
సండే స్కూలు క్రిస్మస్ నాటకంలో
మరియమ్మ వేషం రిబ్కాకి,
దూత వేషం కాంపౌండరు గారమ్మాయికి,
ఏటా సత్రం యజమానిని మాత్రం నేనే.
తలకి తుండుగుడ్డ, చేతిలో లాంతరు,
ఒకే ఒక్క మాట:
"చోటు లేదు, పొండి!"
బ్రహ్మాండంగా చెప్పేదాన్ని.

పెళ్ళై సింగ్ నగర్ వచ్చాను.
మా అత్త కృపావతికి గిన్నెలు తోముతూ కూనిరాగం,
కరెంటు పోతే కూనిరాగం,
మామయ్య పెన్షన్ ఆగిన నెలలో కూడా అదే.
ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను:
"నీకసలు బాధే ఉండదా అత్తా?"
చేతిలో పీచు ఆపకుండా అంది:
"సంతోషం పాలవాడనుకున్నావా,
తలుపు కొట్టి పోసి పోవడానికి?
మున్సిపాలిటీ ట్యాంకరే అది.
బిందె పట్టుకుని మనమే వీధి చివరికి పోవాలి."
నాకు ఒళ్ళు మండింది.
సంకెళ్ళలో కూర్చుని
ఆనందించమని ఉత్తరం రాసినాయన గురించి
పాస్టరు గారు చెప్పినప్పుడూ ఇంతే.
ఆయనకేం, ఉత్తరం రాశాడు,
ఇంటెడు బట్టలు ఉతికాడా అనుకునేదాన్ని.

తర్వాత బుడమేరు వచ్చింది.
ఆదివారం.
ఆరాధనకని ఇస్త్రీ చేసిన చీర కుర్చీ మీదుంది.
నీళ్ళు గడప దాటాయి,
కుర్చీ కాళ్ళు దాటాయి,
చీర అంచు పట్టుకుని నిదానంగా లాగాయి.
మేము మేడ మీది ఒంటి గదిలోకెక్కాం.
చీకటి పడ్డాక ఎవరో తలుపు తట్టారు.
మాట నోట్లో సిద్ధంగా ఉంది,
చిన్నప్పటి నుంచీ సాధన చేసిందే కదా.
అత్త ఏమీ అనలేదు.
చాపిన కాళ్ళు ముడుచుకుంది, అంతే.
గడప మీద బజ్జీల బండి మస్తాన్,
భార్య, ముగ్గురు పిల్లలు,
చంకలో ఒక కోడి.

మూడో రోజుకి పద్నాలుగు మందిమయ్యాం.
మూడో రోజునే ఆ కోడి,
తడవకుండా దాచుకున్న పాటల పుస్తకాల కట్ట మీద
గుడ్డు పెట్టింది.
పద్నాలుగు మందికి ఒక గుడ్డు!
ఎవరు మొదలుపెట్టారో తెలీదు,
నవ్వీ నవ్వీ నాకు పక్కటెముకలు నొప్పెట్టాయి.

ఆ రాత్రే విన్నాను,
నీళ్ళ ట్యాంకు పక్కన గోడ వైపు తిరిగి
అత్త ఏడవడం.
మామయ్య ఫోటో కింద గదిలో ఉండిపోయింది.
పలకరిద్దామని లేచి, పలకరించలేకపోయాను.
తెల్లారుతుంటే
అరగ్లాసు నీళ్ళతో మొహం కడుక్కుంది,
కొంగుతో తుడుచుకుంది,
ఒక్క క్షణం ఆగింది.
నిండు బిందె చంకకెత్తుకునే ముందు
నడుం బిగించి ఊపిరి పట్టినట్టు.
అప్పుడు మొదలుపెట్టింది కూనిరాగం.
ఇన్నేళ్ళూ నేను పాటే విన్నాను,
బరువు చూడలేదు.

గోడకి రెండుసార్లు సున్నం వేసినా
రొమ్మెత్తున బురద గీత ఇంకా కనపడుతూనే ఉంది.
నా కనుబొమలూ మారలేదు.
కానీ పొయ్యి వెలిగించే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాను.
కొన్నాళ్ళు ఎత్తుకోగలుగుతాను.
కొన్నాళ్ళు బిందె జారి కాలి మీద పడుతుంది,
ఆ పూట అందరి మీదా అరుస్తాను,
సాయంత్రానికి క్షమించమని అడుగుతాను,
దేవుణ్ణి ముందు, మా ఆయన్ని ఆలస్యంగా.

ఈ ఏడు నాటకం నేర్పేది నేనే.
సత్రం వేషం జెమీమాకిచ్చాను,
అచ్చం నాలాగే ముడేసిన మొహం.
నిన్న రిహార్సల్లో గట్టిగా అరిచింది:
"చోటు లేదు, పొండి!"
యోసేపు గడ్డం సర్దుకుని వెనక్కి తిరిగాడు.
పిల్లకేం తోచిందో,
"ఆగండాగండి," అంటూ పరిగెత్తి
లాంతరు వాళ్ళ చేతిలో పెట్టింది.
నాటకంలో లేని మాట అది.
టీచరు తిడుతుందేమోనని
పిల్లలంతా నా వైపు చూశారు.