బెత్తెడు

పొద్దున ఆరింటికి
చచ్చిపోయిన దొరల పేర్లతో మొదలవుతుంది నా డ్యూటీ.
పాస్కల్, కెల్విన్, న్యూటన్, సెల్సియస్.
ఎక్కడో చలిదేశాల్లో
దేన్నో కాచి, దేన్నో తూచి
పేరు మాత్రం మిగిల్చి పోయినవాళ్ళు.
సూర్ పట్నంలో, సముద్రాన్ని మంచినీళ్ళు చేసే ఈ ప్లాంటులో
వాళ్ళని పిలవందే ఒక్క వాల్వూ తిరగదు.
మలయాళీ ఫోర్‌మన్ పాస్కల్ అంటాడు,
ఒమానీ ఇంజినీరు బాస్కల్ అంటాడు,
మా మెట్‌పల్లి ముత్తెన్న ఏమీ అనడు,
గేజీ అద్దం మీద గోటితో రెండుసార్లు కొడతాడు.

నా పని కొలిచేదాన్ని కొలవడం.
అబద్ధమాడే థర్మామీటర్ని
నిజం చెప్పేదాని పక్కన కూర్చోబెట్టి
తేడా రాసి, స్టిక్కరు అంటించడం.
ఆ నిజం చెప్పేదాన్ని జర్మనీలో ఎవరో కొలిచి పంపుతారు.
మరి వాళ్ళని కొలిచేదెవరు అంటే
సూపర్‌వైజర్ "చాయ్ తాగు" అన్నాడు.

రాత్రి గేటు దగ్గర ఖల్ఫాన్.
వయసు తనకే తెలీదు.
చెయ్యి బారజాపి, బొటనవేలు ముడిచి,
నాలుగు వేళ్ళూ సముద్రం అంచున ఆనించి
ధ్రువనక్షత్రం దాకా ఎన్ని పడతాయో లెక్కేసి
మలబారుకి పడవ నడిపేవాడట వాళ్ళ నాన్న.
"మా ఊళ్ళో దీన్ని బెత్తెడంటారు"
నాకొచ్చిన అరబీలో చెప్పి, చెయ్యి చూపించాను.
తన చెయ్యి తెచ్చి నా చేతికి ఆనించాడు.
అతని బెత్తెడు నాదానికంటే గోరంత పెద్దది.
ఆ గోరంతలోనే పుట్టింది నా ఉద్యోగం.

"ఇప్పుడు చుక్కలకి పనిలేదు" అన్నాడు.
ఫిర్యాదేం కాదు.
అతని మనవరాలి గుండెలో గింజంత బ్యాటరీ ఉంది.
"చుక్కలు మా నాన్నని మలబారు చేర్చాయి గానీ
దీన్ని బడి దాకా కూడా చేర్చలేకపోయేవి."
వాళ్ళమ్మ మేకతోలు తిత్తితో నీళ్ళు మోసిన దారి
మా పైపులైను కింద ఉంది.

జూలై.
మూడు కాళ్ళ స్టాండు మీద నల్లటి గుండు, తడివత్తి.
అంకె గీత దాటితే బయటి పని ఆగాలి.
ఆ రోజు దాటలేదు.
పదకొండూ నలభైకి, గీతకి అర డిగ్రీ కింద
ముత్తెన్న పడిపోయాడు.

ఆ మీటరు నా బల్ల మీదకొచ్చింది.
మూడుసార్లు చూశాను.
ఒకటీ పాయింటు రెండు తక్కువ చెబుతోంది.
"చిన్న తేడాయేగా, పచ్చది వెయ్యి."
సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. అతనికీ పైన ఒకడు కొలిచేవాడున్నాడు.
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
మైనస్ ఒకటీ పాయింటు రెండు అని రాశాను.
ఎర్ర స్టిక్కరు అంచు వేలికి అంటుకుని ఊడిరాలేదు కాసేపు.

ఆసుపత్రిలో సెలైన్ కింద కళ్ళు తెరిచి
"నాకెంత కాలిందట?" అన్నాడు ముత్తెన్న.
"నలభై ఒకటీ పాయింటు ఆరు."
"ఏ దొర లెక్కల?"
"సెల్సియస్."
"ఆ దొర ఎన్నడన్న గీ ఎండల నిలవడ్డడా?"
నవ్వితే పెదవి చిట్లింది.
మానిటరు మీద అతని గుండె గీతలు గీస్తూనే ఉంది.
ఆ గీతలు కనిపెట్టినవాడికి మనసులో దండం పెట్టుకున్నాను,
అతనెవరో నాకు తెలీదు.

ఆ రాత్రి గేటు దగ్గర ఖల్ఫాన్ అడిగాడు,
"ఎంత తప్పు చెప్పిందది?"
చిటికెనవేలి గోరు చూపించాను.
"మీ లెక్కలో అంత తప్పితే
పడవ ఎక్కడ తేలేది?"
"మాల్దీవుల్లో" అన్నాడు నవ్వకుండా,
"అదీ అదృష్టముంటే."