వాపసు ఇవ్వబడదు

మిర్చి యార్డులో కాటా గుమస్తాని నేను.
ముప్పయ్యేళ్లుగా టిక్కీలు తూస్తున్నాను
తుమ్ముతూ, దగ్గుతూ, అంకె తప్పకుండా.
మా రోజుల్లో బేరం తువ్వాలు కింద జరిగేది
రెండు చేతులు, నాలుగు వేళ్ల నొక్కుళ్లు.
మాట బయటికి వినపడదు,
ఇచ్చాక మాత్రం వెనక్కి పోదు.
ధర పడిందని సరుకెత్తకుండా జారుకున్న వ్యాపారిని
మూడు సీజన్లు గుర్తుపెట్టుకునేది యార్డు.

అందుకే కాబోలు
లక్ష్మీపురం షోరూంలో అద్దాల బల్ల మీద
లక్షా నలభై వేలు లెక్కపెట్టేటప్పుడు
నా చెయ్యి వణకలేదు.

కొలతలకు తరుణ్ అనే కుర్రాడొచ్చాడు.
గోడ మీద ఎర్రచుక్కని పరిగెత్తించి
పెన్సిలుతో రాశాడు:
ఇక్కడ చిమ్నీ. ఇక్కడ గ్యాసు.
ఇక్కడ పచ్చళ్ల అర.
ఆ చివరిది శేషారత్నం దగ్గరుండి రాయించుకుంది
"జాడీ ఎత్తు జానెడు మీద నాలుగు వేళ్లు, మర్చిపోకు నాయనా."

నలభై ఐదు రోజుల్లో బిగిస్తాం,
ఈలోగా పాత గట్టు కొట్టించెయ్యండి అన్నారు.
కొట్టించేశాం.
కడప రాయి మూడు ముక్కలై వీధిలో పడితే
ఎదురింటివాళ్లు ఒక ముక్కని కుళాయి కింద వేసుకున్నారు,
బట్టలుతకడానికి.

శ్రావణంలో, ప్లైవుడ్డు రాలేదన్నారు.
కార్తీకంలో, ఆ రంగు కంపెనీ మానేసిందన్నారు.
శివరాత్రి నాటికి ఏమీ అనడం మానేశారు.
స్టవ్వు వసారాలో, నేల మీద.
పప్పు దించిన ప్రతిసారీ
శేషారత్నం మోకాళ్లు పటపటమనేవి.
గోడ మీద చిమ్నీ మాత్రం పెన్సిలుతో అలాగే ఉంది.

వెళ్లి కూర్చున్నాను.
"మీ ఆర్డరు చెయ్యలేమండీ" అన్నాడు మేనేజరు
కాఫీ తెప్పించి మరీ.
"కూపను ఇస్తాం. ఏడాదిలోగా ఏదైనా తీసుకోండి.
బీరువాలు బాగా పోతున్నాయి."
బీరువాలో వండుకోమంటావా బాబూ?
డబ్బిచ్చెయ్ అన్నాను.
రసీదు వెనక్కి తిప్పి చూపించాడు,
చీమతలకాయంత అక్షరాలు:
ఒకసారి చెల్లించిన సొమ్ము
ఎట్టి పరిస్థితులలోనూ వాపసు ఇవ్వబడదు.

ఇంటికొచ్చి చదివి వినిపించాను.
పులుసు కలుపుతున్న గరిటె ఆపింది.
"ఇవ్వబడదా? ఎవరు ఇవ్వరు?
ఇవ్వనని ఒక మనిషిని సంతకం పెట్టమను, చూద్దాం."

అప్పుడు చూశాను,
ఆ వాక్యంలో మనిషే లేడు.
ఎనిమిది నెలలు నేను తల బాదుకున్నది
గోడకి కాదు, కర్త లేని క్రియకి.

వకీలు అక్కర్లేదు గుమస్తాగారూ,
తెల్లకాగితం చాలన్నాడు హమాలీ సుభానీ,
ఫ్రిజ్జు కేసు గెలిచినవాడు.
రాసుకున్నాను. రసీదు, మెసేజీలు,
పగిలిన గట్టు ఫొటో జతపరిచాను.
వినియోగదారుల కమిషన్‌లో
మొదటి వాయిదాకి వాళ్లు రాలేదు.
రెండోదానికి గడువడిగారు.
మూడోదానికి వాళ్ల వకీలు "అనివార్య కారణాలు" అంటుంటే
అధ్యక్షురాలు కళ్లద్దాలు దించి
"సరుకివ్వలేనప్పుడు సొమ్ము మీదెలా అయింది?" అంది.
కాటా మీద ఇరవై కిలోల రాయి పెట్టినట్టు
ముల్లు కదలకుండా నిలబడింది.

అసలు. తొమ్మిది శాతం వడ్డీ.
ఖర్చులకు మూడు వేలు.
మానసిక వేదనకు పదివేలు.
"వేదనని ఎక్కడ తూశారు?" అంది శేషారత్నం.
తరుగు తీసే ఉంటార్లే అన్నాను.
చాన్నాళ్లకి నవ్వింది.

మొన్న శంకర్‌విలాస్ దగ్గర టీ బండి పక్కన
తరుణ్ కనపడి తల దించుకున్నాడు.
"నాకూ మూడు నెలల జీతం ఇవ్వబడలేదు బాబాయ్."
నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.
నీకూ తెల్లకాగితం దొరుకుతుందిరా అని
టీ డబ్బులు నేనే ఇచ్చాను.

గడువు నలభై ఐదు రోజులు.
ఇవాళ ముప్పై ఎనిమిది.
సున్నం వెయ్యడానికొచ్చిన కుర్రాణ్ణి
వంటగది గుమ్మంలోనే ఆపేసింది శేషారత్నం:
ఆ గోడ వద్దు, డబ్బులు రానీ.

పెన్సిలు రాత కింద, సరిగ్గా దాని కిందే,
నేల మీద
నాలుగు జాడీలు.