కొత్త నీళ్లు

రాంనగర్ గల్లీల మా గోడ మీద
ఎర్రరంగుతోటి ఒక గీత గీసి పోయిన్రు.
గీతకు ఇవతల రోడ్డు, అవతల మేము.
పొయ్యి రోడ్డు దిక్కుకు పడ్డది.

పందొమ్మిదేండ్ల దుకాణం
డీసీఎంల సగానికి గూడ నిండలె.
బాల్‌నర్సు పెనాన్ని మాత్రం సామాన్లల్ల ఎయ్యనియ్యలె.
గోనెసంచి చుట్టి,
బాలింతను కూసోబెట్టినట్టు
డ్రైవరు పక్క సీట్ల కూసోబెట్టిండు.
నేను ఎనుక, గ్రైండర్ను కావలించుకొని.

చేవెళ్ల దాటినంక పత్తి చేన్లు.
చేన్ల నడుమ రోడ్డు మీద మూడు మడిగెలు:
ఎరువుల దుకాణం, పంచరు షాపు,
మూడోది మాది.
'హైదరాబాద్ టిఫిన్స్' అని రాయమంటే
బోర్డు పిలగాడు 'హైదరబాద్' అని రాసి
దీర్ఘానికి జాగ సాల్లేదన్నడు.
పోనీలే,
ఇంత దూరమొచ్చినంక
అది గూడ జర చిన్నగైంది అనుకున్న.

మొదటి పొద్దు చాయ్ ఇరిగింది.
మళ్ల పెట్టిన. మళ్ల ఇరిగింది.
బోరు నీళ్లు నోట్ల పోసుకొని చూస్తే
కండ్లనీళ్ల కన్న ఒక్క పాలు తక్కువ ఉప్పు.
పప్పు ఉడకదు.
దోశ పెనాన్ని పట్టుకొని ఇడువదు,
గీకితే ముక్కలు ముక్కలు.
బాల్‌నర్సు పెనాన్నేమనలె,
నన్నేమనలె,
బయటికి పోయి బీడీ ముట్టించిండు.
నల్లా నీళ్లకు ఒక రుచి ఉండేదని
నాకిన్నేండ్లు తెల్వనే తెల్వదు.

నాలుగొద్దులు ఎవ్వరు రాలె.
మిగిలిన ఇడ్లీలు పంచరు షాపాయన బర్రె తిన్నది.
అది గూడ మూడోనాటికి మొకం తిప్పింది.

ఐదోనాడు రుమాలు సుట్టుకున్న పెద్దాయన వచ్చి
లోపలికి రాకుంట గడపకాడనే నిలబడి
"మీరు ఎవరోళ్లమ్మా?" అన్నడు.

పందొమ్మిదేండ్లల్ల ఎవ్వరడగని మాట.
ఆడ "ఉల్లిగడ్డ జాస్తి ఎయ్యి" అనెటోళ్లు,
"చిల్లరియ్యి, బస్సొస్తున్నది" అనెటోళ్లు.
బాల్‌నర్సు ఉత్త పెనం మీద నీళ్లు సల్లిండు.
సుర్రుమన్నది.

"వంటోళ్లం" అన్న నేను.

ఆయన ఆ మాటను జరసేపు నమిలిండు.
ఉమ్మనూ లేదు, మింగనూ లేదు.
ఎల్లిపోయిండు.

మర్నాడు పత్తి ఏరెటోళ్ల ఆటో
మా ముంగటనే పంచరైంది.
పద్నాలుగు మంది ఆడోళ్లు, పద్నాలుగు సద్దులు.
కొనేదేం లేదు.
"అక్కా, గాలి కొట్టిందాక కూసోమా?" అని
కింద, బండల మీద కూసున్నరు.

"కుర్చీలున్నయి గద" అన్న.
ఒకల మొకం ఒకలు సూసుకున్నరు.
అందరికన్న చిన్నది, మనెమ్మ,
లేసి కూసున్నది.
కుర్చీ కిర్రుమన్నది.
నవ్విన్రు,
నవ్వుకుంట నవ్వుకుంటనే అందరు లేసిన్రు.

చల్లటి రొట్టెల మీద వేడి పల్లీ చట్నీ ఏసిన.
"ఇదెంత?" అంటే
చట్నీకి పైసల్లేవన్న.
చాయ్ పది రూపాలని గూడ అన్న.
పద్నాలుగు చాయ్‌లు.
అప్పటికి పాలల్లకు తీపి నీళ్లు తెస్తున్నడు బాల్‌నర్సు,
రెండు మైళ్ల అవతలి చెల్క బాయి నుంచి, క్యాన్ల.
గ్లాసులు పట్టుకొని ఒకామె తిప్పి తిప్పి సూసింది.
"అందరికి ఇవ్వేనా?" అన్నది.
మా తాన ఒక్కటే రకం గ్లాసులు.
రెండో రకం పెట్టాలని మాకెవ్వరు నేర్పలె.

ఇప్పుడు ఆ ఆటో పంచర్ లేకున్నా ఆగుతది.
పెద్దాయన రాడు.
పొద్దుగాల మనుమని చేతికి స్టీల్ క్యాన్ ఇచ్చి తోలుతడు.
ఇంట్ల కూసోని తాగుతడంట.
తాగనీ.
మా గ్లాసులకు గూడ పురుసత్ లేదు.

నిన్న సందేళ దోశ అంచు దానంతటదే లేసింది.
బాల్‌నర్సు నన్ను పిలువలె,
సట్రం తోటి పెనం మీద రెండు సార్లు కొట్టిండు,
నేనే పోయి సూసిన.
అంచు తుంచి నోట్ల ఏసుకుంటే
ఉప్పెక్కువ.

పిండిల నేనేసుడు తగ్గియ్యాలె.
నీళ్లల్లనే ఉన్నది గద.